నోట్లో నానిన నువ్వుగింజ

బస్టాండులో నా ఎంక్వైరీ కిటికీ ముందు నిలబడి నసిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వెనక క్యూ పెరిగిపోతుంటే "అమ్మా, అదేంటంటే, మా తోడల్లుడు ఏం చెప్పాడంటే..." అని పురాణం విప్పితే ఎవరు వింటారు? అందుకే వాళ్ళు నోరు తెరిచేలోపే నేను జవాబు చెప్పేస్తాను. చేతిలో ఎక్స్‌రే కవరు ఉందా, పెద్దాసుపత్రి బస్సు, నాలుగో ప్లాట్‌ఫాం. కొత్త సూట్‌కేసూ, పక్కన కళ్ళు తుడుచుకునే తల్లీ ఉన్నారా, హాస్టలుకెళ్ళే పిల్ల, ఏడో ప్లాట్‌ఫాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ నేను అడక్కముందే పెట్టే రకం. కాకపోతే డ్యూటీ దిగేసరికి నా గొంతు బొంగురుపోయి కాకిగొంతు అవుతుంది.

మా మామగారు నాకు 'మైకు' అని పేరు పెట్టింది అందుకే. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే "మైకు వచ్చేసింది, ఇక మన రేడియో కట్టెయ్యాలి" అనేవారు. ఆయన మాత్రం తక్కువ తిన్నారా? లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రెండంతస్తుల మధ్య ఎవరైనా ఇరుక్కుపోతే, బయట పని చేస్తున్నంతసేపూ లోపలివాళ్ళతో కబుర్లు చెబుతూనే ఉండేవారట, వాళ్ళకు భయం వెయ్యకుండా. ఒకావిడ తలుపు తెరుచుకున్నాక కూడా కథ పూర్తయ్యేదాకా బయటికి రానందని చెప్పి మమ్మల్ని నవ్వించేవారు. నిజమో కోతో ఆయనకే తెలియాలి.

అంతటి మాటకారి నోరు పక్షవాతంతో మూతపడింది. కాలు సర్దుకుంది, చెయ్యి సగం సర్దుకుంది, మాట మాత్రం సర్దుకోలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పాల్సింది కూడా లోపల ఉంటుంది. అది పెదాల దాకా రాదు. అత్తగారు పోయి చాలాకాలమైంది, మా ఆయన దూరప్రాంతాల బస్సు డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. కాబట్టి ఆయన మాట బాధ్యత కూడా నేనే నెత్తిన వేసుకున్నాను. కుర్చీలోంచి ఎడం చెయ్యి ఎత్తి "అ... అది..." అంటే చాలు, మిగతాది నేను పూరించేదాన్ని. పొద్దున్నయితే పేపరు. ఎండ ఎక్కితే ఫ్యాను. సాయంత్రం నేను డ్యూటీ నుంచి రాగానే ఆయన నీళ్ళ ఫిల్టరు వైపు చెయ్యి చూపించి మొదలుపెట్టేవారు. నేను చెప్పులు విప్పీ విప్పకముందే గ్లాసు నింపి చేతికిచ్చేదాన్ని. "తాగండి మామయ్యా, నాకు తెలుసుగా" అనేదాన్ని. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు నా వైపు జరిపేవారు. నేను కడిగి బోర్లించేదాన్ని. కోడలంటే నేనే కోడలినని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం మీద నీళ్ళు చల్లింది స్పీచ్ థెరపిస్టు. మేమావిణ్ణి మాటల టీచరమ్మ అంటాం. వయసులో నాకన్నా చిన్నది, నింపాదిగా నవ్వుతుంది. "నిన్న ఏం చేశారు?" అని మామయ్యని అడిగింది. "టీవీ చూశారండి" అన్నాను నేను. "ఏం తిన్నారు?" అంది. అదీ నేనే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "అమ్మా, మీరు చాలా బాగా మాట్లాడుతున్నారు. మీకు నా క్లాసు అక్కర్లేదు" అంది. మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

వరండాలోకి పిలిచి అసలు సంగతి చెప్పింది. "మాట దొరక్కపోవడం వేరు, వెతకడం మానెయ్యడం వేరు. ఈయన మానేస్తున్నారు. ఇంట్లో వెతకాల్సిన పనే లేదు కదా, మీరు అందించేస్తున్నారు. ఇంకో నెల చూస్తాను. తనంతట తాను ఏదైనా చెప్పడానికి ప్రయత్నం చెయ్యకపోతే ఈ టైము ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా, బయట ఎంతమంది కూర్చున్నారో చూశారుగా. ఇప్పుడు వదిలేస్తే ఆయన ఇలాగే ఉండిపోతారు."

ఇంటికి వెళ్ళేదాకా నాలో నేనే సణుక్కున్నాను. మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే. కానీ 'ఇలాగే ఉండిపోతారు' అన్న మాట మాత్రం చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

ఆ వారం మా ఆయన ఇంటికొచ్చినప్పుడు అటక మీది డబ్బాలోంచి పాత కంప్యూటర్ ఆట డిస్కు ఒకటి తీశాడు. డిపోలో కంప్యూటర్లు చూసే కుర్రాణ్ణి బతిమాలి దాన్ని మా ల్యాప్‌టాప్‌లో ఆడించాడు. చిన్నప్పుడు తండ్రీకొడుకులు కలిసి ఆడిన ఆటట. కాల్చడం, గెంతడం ఏమీ ఉండవు. ఒక దీవి, దాని మీద పాడుబడిన లైట్‌హౌస్, పొడుగు టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు. కంటికి కనబడేదల్లా నొక్కి చూడాలి, దొరికింది సంచిలో వేసుకోవాలి, ఏది దేనికి పనికొస్తుందో మనమే కనుక్కోవాలి. తప్పు చేస్తే టోపీవాడు భుజాలెగరేస్తాడు. లైట్‌హౌస్ లోపల ఊచల తలుపున్న లిఫ్టు ఉంది. అది ఎక్కి పైకెళ్ళి దీపం వెలిగిస్తే ఆట అయిపోయినట్టు. ఆ లిఫ్టు కదలదు.

"లిఫ్టు మెకానిక్కు లిఫ్టు దగ్గరే ఇరుక్కుపోయాడు" అని మా ఆయన నవ్వాడు. "నా స్నేహితుడు ఒకడు పత్రికలోంచి గైడు చింపి తెచ్చిచ్చాడు, మొదట్నుంచి చివరిదాకా ఎక్కడ ఏం చెయ్యాలో అంతా ఉంది అందులో. వాక్‌త్రూ అంటారు. నాన్న ఆ కాగితంతో చేతికున్న గ్రీజు తుడుచుకున్నాడు. నేను రెండ్రోజులు అన్నం తినలేదు."

కుర్చీలో మామయ్య పెదవి ఒక పక్కకి వంగింది. చాలా నెలల తర్వాత నేను చూసిన నవ్వు అది.

ఆ రోజు నుంచి ఎడం చేత్తో మౌసు పట్టుకుని ఆయన దీవంతా తిరగడం మొదలుపెట్టారు. సాయంత్రాలు నేను పక్కన కూర్చునేదాన్ని. అబ్బబ్బ, ఏం ఓపిక! ప్రతి రాయినీ నొక్కుతారు, ప్రతి సొరుగూ లాగుతారు. ఒక తడి మేజోడు దొరికితే దాన్ని తీసుకెళ్ళి తలుపుకీ, బావికీ, చివరికి టోపీవాడి టోపీకీ తగిలించి చూశారు. వాడు భుజాలెగరేసినప్పుడల్లా ఆయన భుజాలు కూడా నవ్వుతో ఊగేవి. ఒక చిన్న గదిలో పాత సంగీతం పెట్టె ఉంది. దాని మెట్లు నొక్కితే ఒక్కోటి ఒక్కో స్వరం పలుకుతుంది. ఆయన రోజూ ముందు ఆ గదిలోకి వెళ్ళి నాలుగు మెట్లు నొక్కి, ఆ తర్వాతే లిఫ్టు దగ్గరికి వచ్చేవారు. వచ్చి మళ్ళీ అదే పని. మోటారు చూడ్డం, తాడు చూడ్డం, ఫ్యూజు పెట్టె తెరవడం, నూనె డబ్బా వంచడం. టోపీవాడు భుజాలెగరేస్తూనే ఉన్నాడు.

నేను మనిషిని కానా? ఒకరోజు భోజనాల వేళ ఎంక్వైరీ కిటికీ మూసి, ఫోనులో ఆ ఆట పేరు కొట్టి వాక్‌త్రూ చదివేశాను. నా దృష్టిలో అదేం తప్పు కాదు. నా ఉద్యోగమే అది. బస్సు ఎక్కడుందో చెప్పకుండా "మీరే వెతుక్కోండి, సరదాగా ఉంటుంది" అంటే జనం నన్ను తన్నరూ?

చదివి తల పట్టుకున్నాను. అసలు లిఫ్టులో లోపమే లేదు! పైన దీపం గదిలో ఎవరో ఒకరు బటన్ నొక్కితే చాలు. గోడ మీద కూర్చున్న తెల్లపిట్టకి పడవలోని చేప ఇస్తే, అది చేపతో పైకి ఎగిరి బటన్ మీద వాలుతుంది. అంతే. పాపం ఈయన మెకానిక్కు కాబట్టి లిఫ్టు ఆగిందంటే చెడిపోయిందనే అనుకుని ఇన్నేళ్ళుగా రిపేరు చేస్తున్నారు. ఇంకో సంగతి కూడా గమనించాను. సంగీతం పెట్టె గది గురించి ఆ వాక్‌త్రూలో ఒక్క ముక్క లేదు. ఆట పూర్తి చెయ్యడానికి ఆ గదితో పని లేదట.

ఇక నా అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళంతా అంటారు. అలాంటిది ఆ పిట్ట సంగతి కడుపులో పెట్టుకుని ఆయన పక్కన కూర్చోవాలి. ఆయన బాణం గుర్తు పిట్ట పక్కనుంచే వెళ్ళిపోయేది. నేను దగ్గేదాన్ని. మళ్ళీ వెళ్ళేది. నేను లేచి వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఫోనులో మా ఆయన "చెప్పెయ్ పాపం, ఆ దీపం వెలగడం చూస్తాడు నాన్న" అన్నాడు. "మీరు బండి చూసుకుని నడపండి" అని పెట్టేశాను. టీచరమ్మ మాట గుర్తొస్తోంది. నెల గడువు దగ్గర పడుతోంది. ఆయన నోటి నుంచి ఇంకా ఒక్క మాట రాలేదు. ఆటలో మాటతో పనేముంది, చేతితోనే కదా!

ఒక సాయంత్రం ఆయన మౌసు వదిలేశారు. ల్యాప్‌టాప్ మూత దించబోయారు. ఎడం చెయ్యి అడ్డంగా ఊపారు, ఇక చాలన్నట్టు. క్లాసులో కిటికీ బయటికి చూసిన మొహం అదే. ఇది కూడా వదిలేస్తే ఇంక దేన్ని పట్టుకుంటారీయన? చెప్పేస్తే ఒక తంటా, చెప్పకపోతే ఇంకో తంటా. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఫోను తీసి వాక్‌త్రూ తెరిచి ఆయన ముందు పెట్టాను. "మామయ్యా, దాచడం నా వల్ల కాదు. నేను చదివేశాను. అంతా ఇందులో ఉంది. చూసుకుంటే చూసుకోండి, మీ ఇష్టం."

ఆయన ఫోను వంక చూశారు, నా వంక చూశారు. తర్వాత ఫోనును బల్ల మీద బోర్లించేశారు. దాంతో గ్రీజు తుడుచుకోలేదు, అదే పదివేలు.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఈ రెండిటి మధ్యలో ఒక ఆలోచన వచ్చింది. కుర్చీ లాక్కుని మౌసు నేను పట్టుకున్నాను. "సరే, నేనూ చెప్పను. కానీ మీ చెయ్యి అలిసిపోయింది కదా, ఇకనుంచి నా చెయ్యి వాడుకోండి. ఎక్కడికెళ్ళమంటే అక్కడికెళ్తాను, ఏం నొక్కమంటే అది నొక్కుతాను. చెప్పకపోతే ఇలాగే కూర్చుంటాను. నాకేం, రేపు సెలవే."

ఆయన చెయ్యి ఎత్తి చూపించబోయారు. నేను తల తిప్పేసుకున్నాను. "చేతులు చూడను, నోరు వింటాను."

కూర్చున్నాం. గడియారం కొట్టుకుంటోంది. పక్కింట్లో ప్రెషరు కుక్కరు కూసి ఆగిపోయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటల్ని మింగుతూ నేను చచ్చిపోతున్నాను. ఆయన పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"ఎ... ఎడమ."

టోపీవాణ్ణి ఎడమకి నడిపించాను. అక్కడ ఏమీ లేదు, బండరాళ్ళు. పడవ కుడివైపుందని నాకు తెలుసు. ఆయన నుదురు కొట్టుకుని గట్టిగా అరిచారు. "కాదు! కుడి!"

ఇల్లంతా దద్దరిల్లింది. నేను మొహం అటు తిప్పుకున్నాను, కళ్ళు తుడుచుకోవడం ఆయనకి కనబడకుండా.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ అదే ఆట. ఆయన చెప్పడం, నేను నొక్కడం. 'బల్ల' అంటారు. "ఏ బల్ల మామయ్యా?" అంటాను అమాయకంగా. కళ్ళు మూసుకుని వెతుక్కుని "పగిలిన... బల్ల" అంటారు. తప్పు తలుపు చెబితే తప్పు తలుపే తీసేదాన్ని. ఒకసారి బావి అనబోయి బస్సు అన్నారు, ఇద్దరం పడీ పడీ నవ్వాం. రోజూ ముందు మాత్రం సంగీతం గదికే తీసుకెళ్ళమనేవారు. "పాట" అనేవారు, ఆ మాట మాత్రం తడుముకోకుండానే. నేను మెట్లు నొక్కుతుంటే తల ఊపుతూ వినేవారు.

టీచరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన ముందురోజు సాయంత్రం, టోపీవాణ్ణి లిఫ్టులో నిలబెట్టమన్నారు. నిలబెట్టాను. ఇక మాట లేదు. మోటారు అనలేదు, తాడు అనలేదు. చాలాసేపు ఆ తెర వంకే చూశారు. నేను నాలుక కొరుక్కుని కూర్చున్నాను. నిజంగానే కొరుక్కున్నాను, నెప్పి పుట్టింది.

"చెడి... పోలేదు" అన్నారు.

"ఏది మామయ్యా?"

"లిఫ్టు. చెడిపోలేదు." ఊపిరి పీల్చుకున్నారు. "పైన... ఎవరూ... పిలవలేదు."

ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండడం అంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన కళ్ళు తెరంతా తిరిగాయి, గోడ మీద ఆగాయి. "ఆ... తెల్లది" అన్నారు. కాసేపటికి "పడవ." ఇంకా కాసేపటికి, ఒక్కో మాటా బావిలోంచి చేదినట్టు, "చేప... దానికి... పెట్టు."

పెట్టాను. పిట్ట ఎగిరింది. పైన ఎక్కడో గంట మోగింది. లిఫ్టు కిర్రుమంటూ కదిలింది. నేను కుర్చీలోంచి లేచి కేక పెట్టాను. ఏమైందోనని పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది. టోపీవాడు పైకెళ్ళి దీపం వెలిగించాడు, సముద్రం మీద వెలుతురు పడింది, నాలుగు అక్షరాలు వచ్చి తెర నల్లబడింది.

"ఇంతేనా! ఇన్నేళ్ళు దీనికోసమా?" అన్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది నాకు. ఆయన మాత్రం ఎడం చెయ్యి ఊపి, "మళ్ళీ... పాట" అన్నారు. ఆట మళ్ళీ మొదట్నుంచి పెట్టి ఆ గదికి తీసుకెళ్ళాను.

మర్నాడు టీచరమ్మ "ఈ నెలంతా ఏం చేశారు?" అని అడిగింది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. టీచరమ్మ అది చూసింది. ఇద్దరం ఆగాం. బయట వరసలో ఎవరో కుర్చీ జరిపారు.

"లిఫ్టు... బాగు చేశాం" అన్నారు మామయ్య. "నేనూ... మైకూ."

పక్షవాతం వచ్చాక ఆ పేరు పెట్టి పిలవడం అదే మొదలు. టీచరమ్మకి మైకు ఎవరో, లిఫ్టు ఎక్కడిదో ఏం తెలుసు? "ఏమైంది లిఫ్టుకి?" అంది.

ఆయన ఆలోచించి, "ఏం... కాలేదు" అన్నారు.

వచ్చే వారం ఇదే టైముకి రమ్మంది. నేను దారి పొడుగునా ఆయనకి చెయ్యి ఆసరా ఇచ్చి నడిపించాను గానీ ఒక్క మాట అందించలేదు.

తర్వాతి రోజు బస్టాండులో విపరీతమైన రద్దీ. గొంతు చిరిగిపోయేలా అరిచి అరిచి ఇంటికొచ్చాను. మామయ్య ఎప్పటిలాగే కుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే ఫిల్టరు వైపు చెయ్యి చూపించారు. అలవాటు ఎక్కడికి పోతుంది, సంచి భుజాన ఉండగానే గ్లాసు నింపి చేతిలో పెట్టాను. "తాగం..." అనబోయి ఆగాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఇన్ని నెలలూ నేను ఈ వేళకి మాట్లాడేస్తూ ఉండేదాన్ని కాబట్టి ఆ పెదాలు ఎంతసేపు కదులుతాయో ఎప్పుడూ చూడలేదు. సంచి దించుకోకుండా అలాగే నిలబడ్డాను.

ఆయన గ్లాసు నా వైపు చాచారు. "ముందు... నువ్వు... తాగు."

రోజూ ఆ వేళకి ఆయనకి దాహమే లేదు. గొంతు బొంగురుపోయి వచ్చిన కోడలికి గ్లాసెడు నీళ్ళు తాగమని చెప్పడానికి ఆయన పెనుగులాడుతుంటే, నేను ఆ నీళ్ళు ఆయన చేతే తాగించాను. గ్లాసు నా వైపు జరిపితే తీసుకెళ్ళి కడిగేశాను.

గ్లాసు అందుకుని అక్కడే కింద కూర్చుని తాగాను. సగం నీళ్ళు మెడ మీద ఒలికాయి. కళ్ళు తుడుచుకుని, "రోజూ ఇదేనా మామయ్యా చెప్పాలనుకుంది?" అని అడిగాను.

ఆయన తల ఊపలేదు. మాట కోసం వెతుక్కుంటున్నారు. నేను ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని ఆగాను.

"రోజూ" అన్నారు.